పనసచెక్క బేస్ గిటార్

అనగనగా ఒక రాజు అని మొదలుపెట్టాలని నాకూ ఉంది, పిల్లలూ. కానీ నేను చెప్పబోయే కాలానికి రాజు వెళ్లిపోయాడు. కోటగోడ మీద పిచ్చిమొక్కలు మొలిచాయి. ఏనుగుల సాలలో ధాన్యం మిల్లు పెట్టారు. రాజుగారి కాలం నాటిదని చెప్పుకోవడానికి కోట వెనక వీణల వీధి ఒక్కటి మిగిలింది.

ఆ ఊరి పేరు చిలకాడ. ఆ వీధి ఎలా ఉండేదో చెబితే మీరు నమ్మరు. తెల్లవారితే చాలు, పాలవాడి కేక కంటే ముందు ఉలి చప్పుడు వినబడేది. ప్రతి వసారాలోనూ ఒక పనసదుంగ, దాని చుట్టూ పచ్చటి రంపపు పొట్టు. వాన పడిన రోజున ఆ చెక్క వాసనకు పిల్లలకు ఆకలేసేది. అలాంటి వీధి నేను మళ్లీ చూడలేదు. ఇక చూడను కూడా.

రానురాను వీణలు అడిగేవాళ్లు తగ్గిపోయారు. ఒక్కో వసారా ఖాళీ అయింది. కొందరు మంచాలూ కుర్చీలూ చేసుకుంటూ పట్నం వెళ్లారు. చివరికి ఆ వీధిలో కొమ్మోజు సోమలింగాచారి ఒక్కడే మిగిలాడు. ఇంటి వసారాయే అతని పనిశాల. అతని పనికి వంక పెట్టగల మనిషి ఆ చుట్టుపక్కల లేడు. ఆ సంగతి ఊరికంటే అతనికే బాగా తెలుసు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఒకనాడు సలోమి అనే అమ్మాయి అతని గుమ్మం ముందు నిలబడింది. ఊరి ఆర్కెస్ట్రాలో ఆమె బేస్ గిటార్ వాయించేది. బేస్ గిటార్ అంటే తెలుసుగా? నాలుగు లావుపాటి తీగలు, బొంగురు గొంతు. కరెంటు స్పీకరు లేకపోతే దాని మాట పక్కవాడికి కూడా వినబడదు. పాట నడుస్తున్నంతసేపూ అడుగున ఉంటుంది. ఎవరూ దాన్ని పట్టించుకోరు. అది ఆగిందా, పాట తేలిపోతుంది.

"ఆచారిగారూ, నాకో బేస్ గిటార్ చేసిపెట్టాలండి" అంది సలోమి.

"వీణలు చేసే చేత్తో గిటారేటమ్మా? కొట్లో కొనుక్కో."

"కొట్లో వాటి మెడ నా చేతికి అందదండి" అని ఆమె అరచెయ్యి చాపింది. చిన్న చెయ్యి. పొట్టి వేళ్లు. "మా బాబాయిది పొట్టి మెడది, ఇన్నాళ్లూ దాన్నే వాయించాను. ఇప్పుడాయన ఉద్యోగం మారి, గిటార్ పట్టుకుని వెళ్లిపోతున్నాడు. దసరా పందిట్లో పాటల నాటికి నాకు సొంతది లేకపోతే నా చోటు తీసేస్తారటండి. కీబోర్డు అబ్బాయే ఎడం చేత్తో బేసు వాయించేస్తాడని రంగబాబుగారు చెప్పీసారు. నాకు పాడ్డం రాదు. నాకొచ్చింది ఇదొక్కటేనండి."

రంగబాబు ఆ ఆర్కెస్ట్రాకు యజమాని. చెడ్డవాడు కాడు, కానీ ఒకసారి అన్నాడంటే అన్నట్టే.

లోపలినుంచి ఆచారి భార్య భ్రమరాంబ మజ్జిగ గ్లాసుతో వచ్చింది. "చేసిపెట్టండి. ఖాళీగా కూచుని నా కూరలకి వంకలు పెట్టడం కంటే నయం" అంది.

ఆచారి ఒప్పుకున్నాడు. ఒక పాడైన గిటారునుంచి ఊడదీసిన తీగలు బిగించే మరలూ, తీగల కదలికను పట్టి స్పీకరుకు పంపే అయస్కాంతపు పెట్టె కూడా సలోమి తెచ్చి ఇచ్చింది. "దీన్ని ఎలా చెయ్యాలంటేనండి..." అని మొదలుపెట్టింది.

"నాకు చెబుతావేటమ్మా? మా ముత్తాత చేసిన వీణ రాజుగారి దర్బారులో మోగింది. నువ్వెళ్లు" అన్నాడు ఆచారి. సలోమి నోరు మూసుకుని వెళ్లిపోయింది.

మొదట అతను ఒక పనసదుంగ తీసుకుని, బాడిసతో చెక్కి, వీణ కుండలాగే దాని కడుపు తొలిచాడు. కడుపు లేని వాద్యం పాడుతుందా అని అతని నమ్మకం. చివరన వీణకు ఉన్నట్టే కోరలూ గుడ్లూ ఉన్న యాళి తల కూడా పెట్టాడు. చూడటానికి బ్రహ్మాండంగా ఉంది.

రంగబాబు గారి రేకుల షెడ్డులో రిహార్సలు. సలోమి తీగ మీటింది. స్పీకరులోంచి వచ్చిన మోత గిటారు కడుపులో దూరింది. అక్కణ్నుంచి మళ్లీ స్పీకరులోకి పోయి, తిరిగి వచ్చి, పెద్ద ఊళ అయిపోయింది. వీధిలో కుక్కలన్నీ అందుకున్నాయి. డోలక్కు కొట్టేవాడు చెవులు మూసుకున్నాడు.

"దీనికి కడుపు ఉండకూడదండి" అంది సలోమి మెల్లిగా.

"మరి ముందే చెప్పవేం?"

"మీరు చెప్పనివ్వలేదండి."

ఆచారి గొణుక్కుంటూ ఇంటికి వచ్చాడు. రెండోసారి గట్టి చెక్కతో, కడుపు తొలవకుండా చేశాడు. అయితే మెడ మీద వేళ్లు నొక్కే మెట్లు వచ్చేసరికి అతని పాత చెయ్యి ఊరుకోలేదు. వీణకు మెట్లు నల్లమైనంలో కూర్చోబెడతారు. స్వరం చెవితో విని, మెట్టును వెంట్రుకవాసి జరిపి నిలబెడతారు. ఆ పనిలో అతనికి అతనే సాటి. ఈసారీ అమ్మాయిని అడగలేదు. మైనం కాచి, పోసి, ఇత్తడి మెట్లన్నీ తన చెవి చెప్పినచోటే నిలిపాడు.

వీణ నీడపట్టున, చాప మీద కూచునే వాద్యం. రంగబాబు షెడ్డులో మిట్టమధ్యాహ్నం రేకులు పెనంలా కాలుతున్నాయి. మొదటి పాట చక్కగా పోయింది. అందరూ తలలూపారు. రెండో పాటలో మైనం మెత్తబడింది. మూడో పాటలో సలోమి వేలు నొక్కినప్పుడల్లా మెట్లు జారాయి. పాడేవాడిది ఒక శ్రుతి, బేసుది ఒక శ్రుతి.

రంగబాబు పాట ఆపించాడు. "ఆచారిగారూ, మీరు పెద్దవారు, మిమ్మల్ని అనకూడదు. పందిట్లో ఇలాగైతే మా పరువు పోద్ది. అమ్మాయ్, నువ్వింక ఇబ్బంది పడకు. పండగ దగ్గరికొచ్చేసింది" అన్నాడు.

సలోమి గిటార్ మోసుకుంటూ ఆచారి ఇంటిదాకా వచ్చింది. దాన్ని వసారాలో ఆనించి, గుమ్మం మెట్టు మీద కూచుని ఏడ్చింది. ఆచారిని ఒక్క మాట అనలేదు. అని ఉంటే అతనికి తేలికగా ఉండేది.

అతను చాలాసేపు అటూ ఇటూ తిరిగాడు. పిల్లలూ, పేరున్న మనిషికి తన తప్పు ఒప్పుకోవడమంత బరువైన పని ఇంకోటి ఉండదు. చివరికి వచ్చి ఆమె పక్కన అదే మెట్టు మీద కూచున్నాడు.

"నీకేం కావాలో నువ్వు చెప్పు తల్లీ. నేను వింటాను" అన్నాడు.

సలోమి కళ్లు తుడుచుకుని చెప్పింది. మెడ సన్నగా ఉండాలి. పొట్టిగా ఉండాలి. మెట్లు చెక్కలోకి దిగి కూచోవాలి. మోచెయ్యి ఆనేచోట అంచు ఒరుసుకోకూడదు. పాటంతా నిలబడి వాయించాలి కనుక భుజం లాగకూడదు. ఆచారి సుద్దముక్క తెచ్చి, ఆమె అరచెయ్యిని నేలమీద పెట్టించి చుట్టూ గీశాడు. నలభై ఏళ్లుగా వాద్యాలు చేస్తున్నవాడు ఒకరి చెయ్యిని అలా చూడటం అదే మొదలు.

"గిటారు ఒళ్లు బాగానే ఉంది, అది పనికొస్తాది. మెడే మళ్లీ చెయ్యాలి" అన్నాడు. అంతలోనే దిగాలుపడ్డాడు. "అంత సన్నటి మెడకి బాగా ఆరిన చెక్క కావాలి. ఈ లావు తీగల బిగువుకి కొత్త చెక్క విల్లులా వంగిపోతాది. ఆరబెట్టడానికి ఏళ్లు పడతాయి. పండగేమో వచ్చి పడింది."

"మావయ్యగారి చెక్క ఉంది కదండీ" అంది భ్రమరాంబ.

ఆచారి ముఖం గంటు పెట్టుకున్నాడు. వంటింటి అటక మీద, పొయ్యి పొగకు ఆరుతూ ఒక పనసపలక ఉంది. దాని మీద ఆవిడ ఊరగాయ జాడీలు పెట్టుకునేది. అది ఆచారి తండ్రి పోయేముందు దాచిన చెక్క. తగిన మనిషి వచ్చినప్పుడు దీంతో నీ చేతనైనంత మేలైన వీణ చెయ్యరా అని అప్పగించి వెళ్లాడు. ఎవరో మహా విద్వాంసుడు వస్తాడని ఆచారి అప్పట్నుంచీ ఎదురుచూస్తున్నాడు.

"అది వీణ కోసం" అన్నాడు.

"తగిన మనిషి కోసం అన్నారు మావయ్యగారు. ఆ పిల్ల మన గుమ్మంలో కూచుని ఏడుస్తన్నాది. ఇంకెవరొస్తారనండీ?"

ఆచారి అటక ఎక్కి, జాడీలు ఒక్కొక్కటే దించి, పలకను కిందికి తెచ్చాడు. వేలి కణుపుతో తట్టాడు. ఖంగుమంది. రంపం పెట్టి మొదటి కోత కోశాడు. తండ్రి పక్కనే కూచుని చూస్తున్నట్టు అనిపించి, కాసేపు పని ఆపేశాడు.

ఆ తర్వాత అడుగడుగునా అడిగాడు. చిత్రిక పట్టి, "ఇంత చాలా?" అనేవాడు. ఆమె పట్టుకుని చూసి, "ఇంకొంచెం సన్నం చెయ్యండి" అనేది. మెట్లు చెక్కలోకి గాళ్లు కోసి దించాడు. చివర యాళి తల చెక్కడానికి ఉలి తీశాడు. తీసి, ఆమె వంక చూశాడు.

"బరువైపోద్దేమోనండి" అంది సలోమి.

అతను ఉలి కింద పెట్టేశాడు.

దసరా పందిట్లో జనం కిక్కిరిసి ఉన్నారు. "ఒక్క పాట చూస్తాను. తేడా వస్తే దిగిపోవాలి" అన్నాడు రంగబాబు. సలోమి తలూపి, గిటార్ భుజాన వేసుకుంది. ఆచారి ముందుకు వెళ్లలేక చివర పందిరి రాటను పట్టుకుని నిలబడ్డాడు.

పాట మొదలైంది. అందరూ పాడేవాడినే చూశారు. బేసు సంగతి ఒక్కరికీ పట్టలేదు. కానీ ఆచారి చేతికింద రాట సన్నగా వణికింది. చిన్నప్పుడు తండ్రి తన అరచేతిని వీణ కుండ మీద పెట్టించి, తీగ మీటి, "తెలిసిందిరా?" అని అడిగేవాడు. అప్పుడు చేతికి తగిలిన వణుకే ఇదీ. ఆ వీధి, ఆ పచ్చటి పొట్టు, ఆ ఉలి చప్పుడు అన్నీ ఒక్కసారి మీదికొచ్చి అతనికి ఏడుపొచ్చింది. పక్కనే ఉన్న భ్రమరాంబ చూసి కొంగు అందించింది.

పాట అయ్యాక రంగబాబు కీబోర్డు అబ్బాయి దగ్గరికి వంగి, "ఇంక నువ్వు కుడిచెయ్యి చూసుకో, బేసు ఆ అమ్మాయి చూసుకుంటాది" అన్నాడు. తెల్లవార్లూ సలోమి తన చోటు కదల్లేదు.

ఇదీ కథ, పిల్లలూ. నేర్చిన పని ఎంత గొప్పదైనా సరే, చేసే వస్తువు ఎవరి చేతికి వెళ్లాలో ముందు ఆ మనిషిని అడిగి, చెప్పింది వినాలి.