తాళ్లవంతెన కొలువు

ఒక లోయ మీద తాళ్లవంతెన ఉండేది. రోజూ వందలమంది దాని మీద నడిచేవారు. దాన్ని చూసుకునే కొలువులో తాళ్లు పేనే ఒకావిడ పనిచేసేది. ఏ పురి వదులైందో, ఏ పీచు తెగబోతోందో ఆమె వేళ్లకి ముందే తెలిసిపోయేది.

ఆ కొలువులో ఒక కట్టుబాటు ఉంది. లోపం ఎవరి కంట పడితే ఆ లోపం వాళ్లదే. అందుకని పనివాళ్లందరూ ఆకాశం చూస్తూ నడవడం నేర్చుకున్నారు. పొద్దున్నే వరసగా నిలబడి ఒక్కొక్కరూ "వంతెన బాగుంది" అనాలి. గట్టిగా అన్నవాళ్ల పేరు పక్కన పచ్చచుక్క, తడబడ్డవాళ్ల పేరు పక్కన ఎర్రచుక్క. "మనమంతా ఒకే కుటుంబం" అని మేస్త్రీ ముగించేవాడు.

వానలు తగ్గాక ఒకరోజు, ఎడమవైపు పెద్దతాడు వంతెన మొదట్లోని ఇనుప కడియం దగ్గర అరిగిపోవడం ఆమె చూసింది. ఏడు పురుల్లో మూడు తెగాయి. వెళ్లి మేస్త్రీకి చెప్పింది.

"నువ్వే ఎందుకు చూశావు?" అన్నాడు మేస్త్రీ.

"తాడు చూడ్డమే నా పని కదండీ."

"ఇంతమందిమి ఉన్నాం, ఎవరికీ కనబడలేదు. లోపం నీ చూపులో ఉందేమో ఆలోచించుకో."

ఆమె పేరు పక్కన ఎర్రచుక్క పడింది. తాడు ఎందుకు తెగిందో సంజాయిషీ రాసిమ్మన్నారు. రాసిచ్చింది. అందులో విచారం తక్కువైందని మళ్లీ రాయించారు. ఆమె ముఖం ఎందుకు అలా ఉంటోందని పదిమంది కూర్చుని రెండురోజులు చర్చించారు. తాడు జోలికి మాత్రం ఎవరూ పోలేదు. మూడోరోజుకి నాలుగో పురి కూడా తెగింది.

అప్పుడు మేస్త్రీ కదిలాడు. తెగినచోట పసుపురంగు పూయించాడు. ఆ సాయంత్రం అతని మెడలో దండ పడింది. నవ్వాలో జుట్టు పీక్కోవాలో ఆమెకి తెలియలేదు.

మర్నాడు పొద్దున పేనుడుకర్ర అతని ముందు పెట్టింది. "ఇక నావల్ల కాదండీ. వెళ్తాను."

"బయట నీకు ఇంత మంచి కొలువు ఎవరిస్తారు?" అన్నాడు మేస్త్రీ. "సరే, పోయేముందు వంతెన బాగుందని ఒక్కమాట అనిపో."

ఆమె అనలేదు.

ఆమె ఇల్లు అవతలి గట్టున ఉంది. ఆ పూట వంతెన మీద కాలు పెట్టబుద్ధి కాక, ముళ్లపొదల మధ్య కాలిబాట పట్టుకుని లోయలోకి దిగింది. అడుగున ఏరు. ఏట్లో ఒక పుట్టిపడవ. పుట్టిలో గొడుగు కింద ఆ వంతెన యజమాని కూర్చుని ఉన్నాడు.

"మీరు రోజూ ఇందులోనే దాటుతారా, అయ్యా?" అంది ఆమె.

"ఇక్కడ గాలి బాగుంటుంది" అన్నాడు యజమాని తాపీగా. "ఎక్కు. ఇంకొకరికి చోటుంది."

ఆమె ఒక కాలు నీళ్లలో పెట్టి ఆగిపోయింది. పైన వంతెన మీద మనుషులు చీమల్లా కదులుతున్నారు. ఎవరో నవ్వుకుంటున్న శబ్దం కిందికి వినిపించింది. కాలు వెనక్కి తీసుకుని, వచ్చిన దారినే రొప్పుతూ పైకెక్కింది. వంతెన మొదట్లో చేతులు చాచి నిలబడింది.

చంకలో బిడ్డతో, నెత్తిన జామకాయల బుట్టతో ఒకావిడ వచ్చింది. "కాస్త పక్కకి జరగమ్మా. నువ్వు ఈ కొలువు మనిషివేనా?"

"పొద్దున్నదాకా."

"మరి ఇప్పుడెందుకు అడ్డం నిలబడ్డావు?"

"తాడు తెగుతోంది. ఆ పసుపురంగు గీకి చూడండి."

ఆవిడ గోటితో గీకింది. పెచ్చు ఊడి, తెగిన పీచులు బయటపడ్డాయి. బిడ్డని గుండెకి అదుముకుంది. వెనకవాళ్లు ముందుకి వంగి చూశారు.

"మరి మేం అవతలికి ఎలా వెళ్లేది?" అంది బిడ్డతల్లి.

తాళ్లు పేనే ఆవిడ లోయలోకి వేలు చూపించింది.

"యజమాని వెళ్లే దారినే."