మేనమామ వేసిన తొలికొమ్మ

ఇప్పపూలు రాలే రోజుల్లో వెదురుకోనలో ఏ ప్రాణీ పూర్తిగా మేలుకొని ఉండదు. తేనెవాసన పొగమంచులా నేలంతా పరుచుకుంటుంది. నడిచే జింకలు ఈదుతున్నట్లూ, ఈదే బాతులు నిద్రలో నడుస్తున్నట్లూ కనబడతాయి. ఆ ఏడు గ్రీష్మం ముందుగానే వచ్చి చుట్టూ కొండల్లోని చెలమలన్నిటినీ తాగేసింది. కోన నడుమ ఒకే ఒక్క మడుగు మిగిలింది. దానిని నమ్ముకొని బతికే సకల మృగకులానికీ భద్రదంతుడనే ఏనుగు రాజు.

భద్రదంతుడి చెల్లెలు తన పిల్లలను పసితనంలోనే విడిచి కన్నుమూసింది. మేనకోడలు మందగతినీ, ఆమె తమ్ముడు మేఘకర్ణుణ్నీ అతడే తన కాళ్ల నీడన పెంచాడు. ఎదిగిన మేఘకర్ణుడు మామతో తగవుపడి కొండ దాటి వెళ్లాడు. వెళ్లినవాడు ఊరుకోక, పరాయి గుంపును వెంటబెట్టుకొని మడుగును ఆక్రమించడానికి తిరిగి వచ్చాడు. కనుమ దగ్గర పోరు జరిగింది. పరాయి ఏనుగులు పారిపోయాయి. మేఘకర్ణుడు మాత్రం ఆ రాళ్ల మధ్యనే ఒరిగిపోయాడు.

ఏనుగుల కులంలో ఒక ఆచారం ఉంది. మరణించినవారి దేహాన్ని పచ్చని కొమ్మలతో కప్పాలి. తొలికొమ్మ మేనమామ వేయాలి. అది పడనిదే తక్కినవారు ఎన్ని వేసినా వేసినట్లు కాదు. ఆకు కప్పని దేహం కల రాని నిద్రలో మగ్గిపోతుందని వారి నమ్మకం.

ఆ సాయంత్రం రాజు మడుగులో తన నీడను చూస్తూ నిలబడి ఉండగా, మంత్రి అయిన నక్క దగ్గరికి వచ్చింది. దాని పేరు మితభాషి. అది నోరు మూసుకొని ఉండగా చూసినవారు మాత్రం కోనలో లేరు.

"ప్రభూ, తమరు కనుమ వైపు చూస్తున్నారు."

"చూడకూడదా?"

"చూడవచ్చు. కప్పకూడదు. మడుగు మీదికి శత్రువును తెచ్చినవాడికి ఆకుమర్యాద చేస్తే, రేపు కుర్ర ఏనుగులన్నీ కొండవతల చుట్టాలను వెతుక్కుంటాయి. మేనల్లుడు గనుక కప్పాడు, మా పిల్లవాడైతే కప్పేవాడా అని దుప్పులు అప్పుడే గుసగుసలాడుతున్నాయి."

"దుప్పులా? ఎప్పుడు?"

"ఇప్పుడు కాకపోతే చీకటి పడేలోగా ఆడతాయి ప్రభూ. వాటి సంగతి నాకు తెలియదా?"

కొమ్మలు కప్పని ఏనుగు దేహం నక్కలకు ఎన్నాళ్ల విందో మితభాషి చెప్పలేదు. ఎప్పుడూ మాట్లాడే ఆ నోరు అంతవరకు మాత్రం మితం పాటించింది.

భద్రదంతుడు మడుగులోని నీడ మీద నుంచి చూపు తిప్పుకున్నాడు. తరువాత కోనంతా ప్రతిధ్వనించేలా ఘీంకరించాడు. "మేఘకర్ణుడి మీద ఒక్క ఆకు వేసినా, వేసినవారు మడుగు విడిచి పోవాలి. వారు నావారైనా సరే, పైవారైనా సరే!"

ఆ ఎండల్లో మడుగు విడవడమంటే ప్రాణం విడవడమే. అందరూ తలలు వంచారు.

తెల్లవారేసరికి కనుమ దగ్గర కాపలా ఉన్న అడవిపంది రొప్పుతూ వచ్చింది.

"దొరా, ఎవరో కప్పేశారు. నేను కాదు. నేను నిద్రపోలేదు కూడా. కళ్లు మూసుకొని కాపలా కాశానంతే."

"కళ్లు మూసుకొనా?"

"ఆ ఇప్పపూల వాసనకు కళ్లు తెరుచుకొని ఉండడం ఎవరి తరం దొరా? తెరిచి చూసేసరికి పచ్చటి గుట్ట. గుట్ట పక్కన మీ మేనకోడలు."

మందగతి ఎవరూ పిలవకముందే వచ్చి నిలిచింది. ఆమె నుదుట లేత మద్దియాకులు అంటుకొని ఉన్నాయి. మడుగు మీద నుంచి లేచిన పొద్దుటి మంచులో ఆమె సగమే కనబడుతోంది.

"నువ్వేనా?" అన్నాడు రాజు.

"నేనే మామా."

"నా ఆజ్ఞ వినబడలేదా?"

"ఇంతింత చెవులిచ్చి కన్నది అమ్మ. వినబడకేం?"

"విని కూడా కప్పావా! వాడు గెలిచి ఉంటే ఈ కోనలో పసికూనలు దప్పికతో నాలుకలు పిడచగట్టి చచ్చేవి. రాజునై ఉండి నేనది మరవనా?"

"మరవవద్దు. వాణ్ని తప్పుపట్టు. మనవలకు చెప్పి తప్పుపట్టించు. నేను అడ్డురాను. కాని అమ్మ పోయిన నాడు వాడు నా తోక పట్టుకొని నీ దగ్గరికి నడిచి వచ్చాడు. వాడిని ఎండకూ నక్కలకూ వదిలేసి ఈ నీళ్లు నేనెలా తాగను మామా?"

మితభాషి ముందుకు వచ్చింది. "అమ్మాయిగారు అన్నీ ఒప్పుకున్నారు ప్రభూ. ఇక పంపించడమే."

భద్రదంతుడి చెవులు నిలిచిపోయాయి. ఆమెను పంపించడం అతని వల్ల కావడం లేదు. ఆజ్ఞను మింగడమూ కావడం లేదు. చివరికి రెంటికీ నడుమ ఒక సన్నని దారి వెతికాడు.

"పిల్లా, ఆ కొమ్మలు తొలగిపోతే నీ నేరమూ తొలగినట్టే. వెళ్లి తీసెయ్యి."

"నేను తీయను. ఎవరు తీసినా నా నేరం పోతుందా?"

"ఎవరు తీసినా పోతుంది. అందరూ వినండి, ఇది నా మాట."

"ఎంతసేపు! నేను లాగేస్తాను," అని నక్క ఎగిరింది.

"అయినవారు వేసిన కొమ్మను అయినవారే తీయాలి," అంది మందగతి. "నీ పన్ను దాని మీద పడితే మా గుంపు నిన్ను ఏం చేస్తుందో చూసుకో."

ఏనుగులన్నీ ఒక్కసారి నేలను కాలితో గీరాయి. నక్క వెనక్కి తగ్గింది. ఏ ఏనుగూ కనుమ వైపు కదలలేదు.

"సరే. నేనే తీస్తాను," అన్నాడు భద్రదంతుడు.

మందగతి కళ్లలో ఏదో మెరిసింది. మంచులో దానిని ఎవరూ గమనించలేదు.

రాజు కనుమ చేరి, వెంట వచ్చినవారందరూ చూస్తుండగా ఒక్కొక్క కొమ్మే తీయసాగాడు. మద్ది, నేరేడు, లేత వెదురు. తీసినకొద్దీ పచ్చివాసన లేచి ఇప్పపూల తీపితో కలిసి, అది పగలో కలో తెలియకుండా చేసింది. కాళ్లు బయటపడ్డాయి. వీపు బయటపడింది. చివరి నేరేడు కొమ్మ తీయగానే ముఖం కనబడింది. ఎడమ చెవి అంచు చిన్న దొప్పలా మడతపడి ఉంది. తొలిసారి మడుగులో దిగడానికి భయపడిన గున్నను ఆ చెవి పట్టుకొనే తాను నీళ్లలోకి నడిపించాడు. తొండం తనంతట తానే ఆ మడతను తాకింది. ఎక్కడో నీళ్లు చప్పుడైనట్లూ, ఒక గున్న కిలకిలలాడినట్లూ అనిపించింది. ఎండ ఆ ముఖం మీద పడుతోంది.

భద్రదంతుడు తొండంలోని కొమ్మను ఆ ముఖం మీద కప్పాడు.



మందగతి మెల్లగా దగ్గరికి వచ్చింది. "నా కొమ్మలన్నీ నువ్వే తీసేశావు మామా. ఇప్పుడు వాడి మీద ఉన్నది ఒక్కటే. అది మేనమామ వేసిన తొలికొమ్మ."

"ఇందుకేనా నన్ను ఇక్కడికి రప్పించావు?"

"నీ మనసు నాకు లొంగదని తెలుసు. నీ తొండాన్ని నమ్ముకున్నాను."

అడవిపంది గొంతు సవరించుకుంది. "దొరా, తప్పుగా అనుకోకండి. అమ్మాయిగారి కొమ్మ ఒక్కటీ లేదు. ఆవిడ నేరం పోయింది. మరి... ఆ ఉన్న కొమ్మ సంగతి?"

మితభాషి చప్పున అడ్డువచ్చింది. రాజు పోతే తనను లెక్కచేసేవారెవరు? "ప్రభూ! ఆజ్ఞలో చిన్న సవరణ చేసుకుందాం. ఆకు అన్నారే గాని కొమ్మ అనలేదు. పైగా గాలికి జారిపడిందని నేను సాక్ష్యం చెబుతాను!"

"గాలి లేదు మితభాషీ," అన్నాడు భద్రదంతుడు.

మందగతి అప్పుడు బెదిరింది. "మామా! నీ చేత కొమ్మ వేయించాలనుకున్నాను. నిన్ను పంపాలనుకోలేదు. ఆ ఆజ్ఞ రద్దు చెయ్యి. నీవి కావా ఆ మాటలు?"

"ఈ నోటితోనే నిన్ను పంపబోయాను తల్లీ. నీ కోసం మార్చని మాట నా కోసం మారిస్తే, ఈ మడుగు నీళ్లు ఇక ఎవరికీ రుచించవు. కొమ్మ వేసినవాడు మేనమామ. మడుగు విడిచేవాడు రాజు. ఇద్దరికీ వారి పని వారిని చేయనీ. నేను కనుమ దాటగానే ఆ ఆజ్ఞా నాతోనే పోతుంది."

అతడు మేనకోడలి నుదుటిని తొండంతో ఒకసారి నిమిరాడు. నీళ్ల వైపు చూడలేదు. కనుమ దాటి, ఎండలో నీరులా అలలాడే కొండల వైపు నడిచాడు. బూడిదరంగు ఆకారం కాసేపు కొండలా, కాసేపు మబ్బులా కనబడి, ఆ తరువాత ఏదీ కాకుండా కరిగిపోయింది. మందగతి వెంట నడిచిన గుంపు తలా ఒక కొమ్మ వేసింది. చూస్తుండగానే మేఘకర్ణుడు పచ్చని దిబ్బ కింద కల కనే నిద్రలోకి జారుకున్నాడు.

నక్కకు కనుమలో మాంసమూ దక్కలేదు, మడుగు ఒడ్డున మంత్రిపదవీ మిగల్లేదు. ఎవరైనా సలహా అడుగుతారేమోనని అది ఎండలో నోరు తెరుచుకొని కూర్చుంది. ఎవరూ అడగలేదు.

నీతి: కన్నీటికి చోటు విడువని శాసనం, దానిని చేసినవాడినే ముందుగా వెలివేస్తుంది.