అడిగిన మాట పక్కనే చెప్పిన మాట

పొద్దున మీ అమ్మ ఆఫీసు మెయిలు తెరిచి తల పట్టుకుంది, చూశారా? పైన 'సరే, రెండోది వద్దు' అని ఒక్క ముక్క. దాని కింద పాత మెయిళ్లు బారెడు. ఏది సరే? ఏది రెండోది? పాపం, వేలితో కిందికి తోసుకుంటూ, తోసుకుంటూ పోయింది. కాఫీ చల్లారిపోయింది. అది చూస్తుంటే నాకు ఈ కథ గుర్తొచ్చింది. ఇలా వచ్చి కూర్చోండి. ఊఁ కొట్టాలి మరి. ఊఁ కొట్టకపోతే మీ పెద్దమ్మ మధ్యలోనే ఆపేస్తుంది, తెలుసుగా.

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ ఒక ఏరు. ఏటికి ఇటు ఒడ్డున కొన్ని జంతువులు, అటు ఒడ్డున వాటి చుట్టాలు. ఏరు వెడల్పు. ఎంత గట్టిగా అరిచినా ఇటు మాట అటు వినబడదు. అందుకని కబుర్లు మోయడానికి ఒక గోరువంక ఉండేది. దాని పేరు చెంగమ్మ.

చెంగమ్మకు ఎవరి గొంతు వింటే ఆ గొంతు వచ్చేస్తుంది. అంతకంటే గొప్ప సంగతి, కబురు చెప్పడంలో దానికో పద్ధతి ఉండేది. అటు ఒడ్డు నుంచి తిరిగొచ్చి, మద్దిచెట్టు కొమ్మ మీద వాలి, రెక్కలు సర్దుకునేది. ముందు అడిగినవాళ్ల గొంతుతో అడిగిన మాట చెప్పేది. ఆ వెంటనే, జవాబిచ్చినవాళ్ల గొంతుతో జవాబు చెప్పేది.

"తమ్ముడూ, ఇప్పచెట్లు పూశాయా?" అని ఇటు ఎలుగుబంటి బొంగురు గొంతు.

"పూశాయన్నా, తొందరగా రా" అని అటు ఎలుగుబంటి నిద్రమత్తు గొంతు.

రెండు ప్రశ్నలుంటే మొదటి ప్రశ్న, దాని జవాబు. ఆ తర్వాతే రెండో ప్రశ్న, దాని జవాబు. పోయిన నెల దగ్గులూ తుమ్ములూ అన్నీ మోసుకొచ్చేది కాదు. ఏ మాటకు జవాబు వచ్చిందో ఆ మాట మాత్రమే తెచ్చేది.

ఎంత బాగుండేదో! కబురు ఎవరిదైనా సరే, సాయంత్రం పూట అందరూ మద్దిచెట్టు కిందికి చేరేవాళ్లు. ముళ్లపంది వచ్చేది, ముంగిస వచ్చేది, నత్త కూడా మధ్యాహ్నమే బయలుదేరి వచ్చేది. వింటుంటే అన్నదమ్ములిద్దరూ ఒకే చెట్టు కింద కూర్చుని మాట్లాడుకుంటున్నట్టు ఉండేది. నడుమ ఏరు ఉన్నదన్న సంగతి కాసేపు మర్చిపోయేవాళ్లు. ఇప్పుడు అంత ఓపిక ఎవరికుంది? వినేవాళ్లకూ లేదు, చెప్పేవాళ్లకూ లేదు.

సరే, ఊఁ కొట్టండి. చెంగమ్మ ముసలిదయింది. రెక్కలు ఏరు దాటనన్నాయి. ఆ పని ఒక పడుచు చిలకకు అప్పజెప్పారు. దాని పేరు తుర్రి. పేరుకు తగ్గట్టే తుర్రుమని పోయేది, తుర్రుమని వచ్చేది. గొంతులు పట్టడంలో చెంగమ్మకు ఏమాత్రం తీసిపోదు. కానీ పద్ధతి దానికి నచ్చలేదు.

"అడిగినవాళ్లకు ఏం అడిగారో తెలియదా అత్తా? మళ్లీ దాన్నే వినిపించడం ఎందుకు? జవాబు కోసం కదా వాళ్లు కాచుకుని కూర్చునేది. జవాబే ముందు చెప్పేస్తాను" అంది తుర్రి.

"మరి ప్రశ్నలు?" అంది చెంగమ్మ.

"అవీ చెప్తాలే. వెనకాల తోకలాగా తగిలిస్తాను. మొదటి రోజు నుంచి ఎవరెవరు ఏమేం అన్నారో అంతా అందులోనే ఉంటుంది. ఒక్క ముక్క పోదు. కావలసినవాళ్లు వింటారు."

చెంగమ్మ ఇంకేదో అనబోయింది. తుర్రి అప్పటికే ఎగిరిపోయింది.

మొదట్లో అంతా బాగానే ఉంది. ఎలుగుబంటి ఒకే ఒక్క మాట అడిగింది, తేనె ఉందా అని. తుర్రి వచ్చి వాలీ వాలకముందే "ఉంది!" అంది. ఎలుగుబంటి ఎగిరి గంతేసింది. "భలే దానివే! చెంగమ్మ అయితే ఈపాటికి ఇంకా రెక్కలు సర్దుకుంటూ ఉండేది" అంది. తుర్రికి కాళ్లు నేల మీద ఆనలేదు. జవాబు తర్వాత తోక మొదలుపెట్టింది కానీ, ఎలుగుబంటి వింటేనా? ఎప్పుడో వెళ్లిపోయింది.

తర్వాత కుందేలు వంతు. దాని కూతురి పెళ్లి. అటు ఒడ్డు వియ్యపురాలిని మూడు మాటలు అడిగి పంపింది. మగపెళ్లివాళ్లకు విడిదిగా పొద చూడమంటారా? మీరంతా వస్తున్నారా? దుంపలు ఉడికించాలా, పచ్చివి పెట్టాలా? తుర్రికి ఇంకా బోలెడు ఇళ్ల కబుర్లు ఉన్నాయి. అవన్నీ తిరిగి నాలుగు రోజులకు వచ్చింది. వచ్చి "వద్దు. అంతా వస్తున్నాం. పచ్చివే" అనేసి తోక అందుకుంది. పెళ్లి హడావిడిలో కుందేలుకు తను ఏది ముందు అడిగిందో ఎక్కడ గుర్తుంటుంది? 'వద్దు' అన్నది దుంపలు ఉడికించడం గురించేమో అనుకుంది. విడిదికి మంచి పొద ఊడ్చి పెట్టింది. మగపెళ్లివాళ్లు వచ్చి మూతి ముడిచారు. "పొద వద్దన్నాం కదా, వదినగారూ! మా వాడికి పొదలో పడుకుంటే తుమ్ములని చెప్పి పంపాం కదా!" అంది వియ్యపురాలు. పెళ్లికొడుకు మూడు రోజులూ తుమ్ముతూనే ఉన్నాడు.

అడవి అంతా పడీ పడీ నవ్వింది. తుర్రి కూడా నవ్వింది. "తోకలో అంతా చెప్పానుగా, వినకపోతే నాదా తప్పు?" అంది.

నవ్వులతో పోయేదయితే ఈ కథ మీకు చెప్పేదాన్నే కాదు.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. ఇటు ఒడ్డున గడ్డి మాడిపోయింది. దుప్పుల మందకు పెద్ద కోటమ్మ అనే ఆడదుప్పి. దానికి ఒక కూన ఉంది, ఒళ్లంతా చుక్కలు. చుక్కి అని పిలుచుకునేవాళ్లు. తల్లికి పాలు తగ్గిపోయి చుక్కి డొక్కలు లోపలికి పోయాయి. ఇక ఏరు దాటి అటు పోవలసిందే అనుకుంది కోటమ్మ.

దాటడానికి రెండు రేవులు. ఒకటి నేరేళ్ల రేవు, ఒకటి గులకరాళ్ల రేవు. ఏటి అడుగున ఎక్కడ గుంట పడిందో, ఎక్కడ సుడి తిరుగుతోందో ఒడ్డున ఉన్నవాళ్లకు తెలియదు. అటు ఒడ్డున ఉండే నీటికుక్క మునెయ్యకు తెలుసు. అందుకని కోటమ్మ తుర్రితో అంది: "మునెయ్య మావను అడిగి రా తల్లీ. అటు గడ్డి ఉందా? నేరేళ్ల రేవులో దాటొచ్చా? గులకరాళ్ల రేవులో దాటొచ్చా?"

తుర్రి వెళ్లింది. దారిలో మామూలుగానే పది ఇళ్లు తిరిగింది. అది వచ్చేసరికి పైన కొండల మీద మబ్బు పట్టింది. ఏటికి కొత్త నీళ్లు వచ్చే లోపల దాటెయ్యాలని మందంతా ఒడ్డున తొక్కిసలాడుతోంది.

"ఉంది. వద్దు. దాటొచ్చు" అంది తుర్రి.

"హమ్మయ్య, గడ్డి ఉంది" అంది కోటమ్మ. "గులకరాళ్ల రేవు వద్దన్నాడు. నేరేళ్ల రేవులో దాటొచ్చన్నాడు. పదండి."

కోటమ్మ ఆడపడుచు ఈరమ్మ అడ్డం వచ్చింది. "ఆగు కోటమ్మా. నువ్వు ముందు అడిగింది నేరేళ్ల రేవు గురించి కాదూ?"

"లేదు వదినా. మనకు దగ్గరిది గులకరాళ్ల రేవు. దాని గురించే ముందు అడిగుంటాను."

"అడిగుంటావా, అడిగావా?"

కోటమ్మ తుర్రి వైపు చూసింది. తుర్రి గొంతు సవరించుకుని తోక మొదలుపెట్టింది. "మొదట, ఉగాది ముందర, మునెయ్య అన్నది ఏమిటంటే, కోటమ్మా, కులాసానా, ఇక్కడ నాకు కాస్త జలుబు చేసింది..."

పైన ఉరిమింది. చుక్కి ఉలిక్కిపడి తల్లి కడుపు కిందికి దూరింది.

"ఇప్పుడా జలుబు!" అంది కోటమ్మ. "ఆ పురాణమంతా వినేలోపు ఏరు నిండుతుంది. పదండి, నేరేళ్ల రేవుకే."

తుర్రి అప్పుడైనా తోక మధ్యలోంచి ఆ ఒక్క ప్రశ్న తీసి చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. తోకను మొదటి నుంచి చెప్పడమే దానికి అలవాటు. పైగా ముంగిస ఇంట్లో ఇంకో కబురు ఇవ్వాలి. తుర్రుమంది.

నేరేళ్ల రేవులో నడి ఏటికి వచ్చేసరికి ముందు వెళ్తున్న ఈరమ్మ కాలు గుంటలో పడింది. "వెనక్కి! వెనక్కి!" అని అరిచింది. పెద్దవి ఎలాగో ఈదుకుంటూ వెనక్కి తిరిగాయి. చుక్కి తిరగలేకపోయింది. సుడి దాన్ని ఒక్క చుట్టు చుట్టి ఏటి వంపు అవతలికి లాక్కుపోయింది. ఆ తర్వాత కాసేపటికే పైనుంచి ఎర్రనీళ్లు వచ్చి ఏరు రెండు ఒడ్లూ ఒరుసుకుంది. ఇక దాటే మాటే లేదు.

కోటమ్మ ఒడ్డు వెంబడి అటూ ఇటూ పరుగెత్తింది. అరిచి అరిచి గొంతు పోయింది. చివరికి మద్దిచెట్టు కిందికి వచ్చి కూలబడింది. తుర్రి పైన కొమ్మ మీద ఆకుల్లో ముఖం దాచుకుని ఉంది.

"తుర్రీ" అంది కోటమ్మ. తిట్టలేదు. తిట్టి ఉంటే తుర్రికి కాస్త తేలిగ్గా ఉండేదేమో. "ఏటి వంపు దాకా పోయి చూడమ్మా. మునెయ్య మావ కనబడితే అడుగు. నా చుక్కి బతికి ఉందా? దెబ్బలేమైనా తగిలాయా? వద్దన్న రేవులో నేను దింపానని దానికి నా మీద కోపమా?"

తుర్రి ఏటి వైపు ఎగరలేదు. కింద వేళ్ల దగ్గర కూర్చున్న చెంగమ్మ దగ్గరికి దిగింది.

"నాకు భయంగా ఉంది అత్తా. నేను వెళ్లను. మళ్లీ తప్పు చెప్తానేమో" అంది.

"వెళ్లాలి" అంది చెంగమ్మ. "నువ్వు తప్ప ఏరు దాటగలిగినవాళ్లు ఎవరున్నారు?"

"ముందు ఏం చెప్పాలి? ఎలా చెప్పాలి?"

"అడిగినదాన్ని అడిగినవాళ్ల గొంతుతోనే చెప్పు. దాని పక్కనే జవాబు పెట్టు. ఆ తర్వాతే రెండోది. ఈ మూడు మాటలు తప్ప ఇంకేమీ మోయకు. దారిలో ఎవరింటికీ పోకు."

"ఈ ఒక్కసారికి 'బతికి ఉంది' అని ముందు చెప్పేస్తే ఏమవుతుంది అత్తా? ఆ తల్లి ప్రాణం అంతా ఆ మాట మీదే ఉంది కదా."

చెంగమ్మ తల అడ్డంగా ఊపింది. "ఆమె అడిగింది ఎంతుంది? మూడే మాటలు. అవి చెప్పేలోపు ప్రాణం ఏం పోదు. కానీ మూడు జవాబులు విడిగా పడేస్తే, వాటిలో ఒకటి 'లేదు' అని ఉంటే, ఆ 'లేదు' దేనికో తెలిసేలోపు ఆమె ఏమైపోతుందో ఆలోచించు."

తుర్రి వెంటనే ఏటి వంపు వైపు ఎగిరింది.

ఏటి వంపు అవతల, అటు ఒడ్డున, రెల్లు పొదలో చుక్కి పడి ఉంది. పక్కన మునెయ్య ఒళ్లు విదిలించుకుంటూ కూర్చున్నాడు. సుడిలోంచి చెవి పట్టుకుని లాక్కొచ్చింది ఆయనే. చుక్కి ఒకటే వణుకు. ఆయన ఏం చెప్పినా వినడం లేదు. తెచ్చిన లేత గడ్డి ముట్టడం లేదు. ఇక్కడంతా కొత్త, పాపం. ఒక్క తెలిసిన వాసన లేదు, ఒక్క తెలిసిన గొంతు లేదు.

తుర్రి రెల్లు మీద వాలింది. రెక్కలు సర్దుకుంది. కోటమ్మ గొంతు తెచ్చుకుని అడిగింది: "నా చుక్కి బతికి ఉందా?"

చుక్కి చెవులు నిక్కబొడుచుకున్నాయి. తల ఎత్తింది.

"ఉంది కోటమ్మా, ఉంది. నా పక్కనే ఉంది" అన్నాడు మునెయ్య.

"దెబ్బలేమైనా తగిలాయా?"

"లేదమ్మా. చెవి దగ్గర నా పళ్లు గీరుకున్నాయి, అంతే."

"వద్దన్న రేవులో నేను దింపానని దానికి నా మీద కోపమా?"

ఈ మాటకు జవాబు చెప్పాల్సింది చుక్కేనని మునెయ్య చుక్కి వైపు చూశాడు. చుక్కి మెల్లగా లేచి, తడబడుతూ తుర్రి కూర్చున్న రెల్లు కిందికి వచ్చింది. "కోపం లేదని చెప్పు తుర్రక్కా" అంది. ఇంకాస్త దగ్గరికి జరిగి, "అమ్మ అడిగింది ఇంకోసారి చెప్పవా?" అంది.

తుర్రి చెప్పింది. ఇంకోసారి అంది చుక్కి. మళ్లీ చెప్పింది. అలా ఎన్నిసార్లు చెప్పిందో తుర్రి లెక్కపెట్టుకోలేదు. వింటూ వింటూ చుక్కి గడ్డి కొరికింది. వింటూ వింటూ మునెయ్య పక్కన ముడుచుకుని కళ్లు మూసుకుంది.

అప్పుడు తుర్రి ఇటు ఒడ్డుకు వచ్చింది. మద్దిచెట్టు కింద అందరూ ఉన్నారు.

"నా చుక్కి బతికి ఉందా?" అంది తుర్రి, వణికే కోటమ్మ గొంతుతో. "ఉంది కోటమ్మా, ఉంది. నా పక్కనే ఉంది" అంది, మునెయ్య గొంతుతో. "దెబ్బలేమైనా తగిలాయా?" అంది. "లేదమ్మా. చెవి దగ్గర నా పళ్లు గీరుకున్నాయి, అంతే" అంది. "వద్దన్న రేవులో నేను దింపానని దానికి నా మీద కోపమా?" అంది. ఆ తర్వాత చుక్కి గొంతుతో, "కోపం లేదని చెప్పు తుర్రక్కా" అంది.

కోటమ్మ ఏడ్చింది. ఈరమ్మ వచ్చి దాని మెడ నాకింది. వానలు తగ్గి ఏరు తీసేదాకా తల్లీ బిడ్డా అటొకరు ఇటొకరు ఉండాల్సిందేనని అందరికీ తెలుసు. అయినా ఆ సాయంత్రం ఎవరూ ఇళ్లకు పోలేదు.

చాలాసేపటికి కోటమ్మ తలెత్తి అడిగింది. "తుర్రీ, నా గొంతు నిజంగా అలా వణికిందా?"

"వణికింది పిన్నీ."

"ఆ వణుకు కూడా దానికి అలాగే వినిపించావా?"

"అలాగే వినిపించాను. అది విన్నాకనే నిద్రపోయింది."

నీతి: జవాబును అది పుట్టిన ప్రశ్న పక్కనే పెట్టండి, అక్కర్లేని పాత మాటల తోక వదిలేయండి, అడిగిన మాట తోడు లేకపోతే చెప్పిన మాట దారి తప్పుతుంది.