పేరయ్య నాటిన తొలికట్ట

నీలంపేటలో బుద్ధికి కరువు లేదు. ఉన్న బుద్ధి యావత్తూ తమ ఇంట్లోనే రాశిపోసి ఉన్నదని పేరయ్యకు దృఢమైన నమ్మకం. అతని భార్య పైడమ్మ, తమ్ముడు నూకరాజు ఆ నమ్మకానికి రెండు స్తంభాలు. ముగ్గురూ దినదినమూ భోజనానంతరం అరుగుమీద ఆసీనులై, తమను మించిన వివేకి ఊళ్ళో ఇంకెవడైనా మిగిలాడా అని కూలంకషంగా విచారించేవారు. మిగలలేదని తేలగానే ప్రశాంతంగా కునుకు తీసేవారు.

ఆ ఏడు ఊరి పక్కనున్న మడుగులోకి అడవిబాతులు వందలుగా వచ్చి దిగాయి. మడుగు నడుమనున్న లంకలో కాపురం పెట్టాయి. షికారుకు వచ్చే రసికులు మరమరాలు చల్లి చల్లి, వాటికి మనుషులంటే ఉన్న కాస్త భయమూ పోగొట్టారు. మరమరాలు చాలక అవి నారుమళ్ళమీద పడ్డాయి. ఇంకేముంది, పది దినాల్లో ఊరి నారంతా నున్నగా గొరిగేశాయి. మిగిలింది ఒకే ఒక్క మడి. అదీ పోతే ఆ యేటికి పొలాలన్నీ బీడు.

ఆ మడికి కాపలా ఎవరని సర్పంచి సీతారత్నం అడిగేసరికి పేరయ్య దిగ్గున లేచి నిలబడ్డాడు. నారు కాచినవాడే నాట్లనాడు తొలికట్ట నాటాలని ఆ ఊరి ఆచారం. అతని తండ్రి ఏడేళ్ళు వరుసగా నాటాడు. తండ్రి పోయాక ఆ ఇంటికి పిలుపు రాలేదు. కారణం ఊరందరికీ తెలుసు, ఆ ఇంట్లోవాళ్ళకు తప్ప.

"నేను కాస్తానమ్మా" అన్నాడు పేరయ్య.

వేరెవరూ చెయ్యెత్తలేదు. సీతారత్నం నిట్టూర్చింది. "వచ్చే శుక్రవారం నాట్లు. అందాకా ఒక్క బాతూ మడిలో దిగకూడదు. తొలికట్ట నీదే."

పేరయ్య కళ్ళు చెమర్చాయి. అంతే, ఊరికి మూడింది.

ముందుగా అటవీశాఖనుంచి ఒక ఉద్యోగిని వచ్చి హితబోధ చేసింది. "వీటిని కొట్టకూడదు, పట్టుకోకూడదు. చట్టం ఒప్పదు. ముఖ్యంగా తిండి వేయకూడదు. ఆ సంగతి అందరికీ తెలిసేలా బోర్డు పెట్టండి."

పేరయ్య బోర్డు పాతాడు. 'పక్షులకు ఆహారం వేయరాదు.' బాతులు దాన్ని లెక్కచేయక మడిలో దిగాయి.

"ఎలా లెక్కచేస్తాయయ్యా, చదువురాని ముండలు!" అంది పైడమ్మ.

"అందరికీ తెలియాలన్నారుగా. బాతులు అందరిలో లేవా?" అని పేరయ్య ఆ బోర్డును పూటకు మూడుసార్లు బాతులకు బిగ్గరగా చదివి వినిపించాడు. మంచి కంఠం. బాతులు మెడలు సాచి శ్రద్ధగా విన్నాయి, విన్నంతసేపూ నమిలాయి.

మరునాడు ఉద్యోగిని తల పట్టుకుంది. "చదవడం ఏమిటండీ! గడ్డిబొమ్మను నిలబెట్టండి. మనిషనుకొని బెదురుతాయి."

పేరయ్య దీర్ఘంగా ఆలోచించాడు. "మనిషనుకుంటేనే బెదిరే పిట్ట, నిజంగా మనిషే అయితే ఇంకెంత బెదరాలి!" అంతే, నూకరాజు చొక్కానిండా గడ్డి కుక్కి, నెత్తిన కుండ బోర్లించి, చేతులు చాపించి మడి నడుమ నిలబెట్టాడు.

"ఒరే, నువ్విప్పుడు బొమ్మవి. కదలకు."

"దోమ కుడితేనో, అన్నయ్యా?"

"బొమ్మను దోమ కుడుతుందట్రా, తెలివితక్కువ వెధవా!"

నూకరాజు కదలలేదు. మొదట ఒక బాతు ఎడమచేతిమీద వాలింది. తోడుకు ఇంకొకటి కుడిచేతిమీద. మూడోది కుండమీద స్థిరపడి, దిక్కులు పరికించి, కాపురానికి అనువైన చోటేనని నిశ్చయించుకుంది.

"అన్నయ్యా, పుల్లలు తెస్తోందే!"

"మాట్లాడకు. బొమ్మలు మాట్లాడవు."

మధ్యాహ్నం పైడమ్మ పెరుగన్నం తెచ్చింది. మరిది నోరు తెరవలేదు. "తిను నాయనా" అని బతిమాలింది. తినలేదు. బొమ్మ అన్నం ఎలా తింటుందని ఆమెకూ తోచి, ముద్దలన్నీ అతని అరచేతుల్లో పెట్టి వెళ్ళింది. బాతులు తిన్నాయి. పక్షులకు ఆహారం వేయరాదని బోర్డు పక్కనే ఉంది. కాని వేసింది బొమ్మకు కదా!

సోమవారం ఉద్యోగిని గట్టుమీద కూలబడి, చివరి ఓపిక కూడదీసుకుంది. "అయ్యా, ఒక్కమాట. వాటికిక్కడ తిండి దొరుకుతోంది గనుక వస్తున్నాయి. దొరక్కుంటే రావు."

పేరయ్య ముఖం వెలిగింది. ఇంత సులువైన సంగతి మొదటే చెప్పకపోయారే! అంతే, ముగ్గురూ మడిలో దిగి, మిగిలిన నారంతా పొద్దుగూకేలోగా పీకి, ముచ్చటగా కట్టలు కట్టారు. మడిలో పోచ లేదు.

"మరి ఇవి ఎక్కడ దాద్దామయ్యా? ఇంట్లో పెడితే వెతుక్కుంటూ వస్తాయేమో" అంది పైడమ్మ.

"పిచ్చిదానా, దొంగలు పగలంతా మన మడిలోనే ఉంటున్నారు. వాళ్ళ ఇల్లు ఖాళీ. అంతకంటె భద్రమైన చోటుందా?"

ఇంకేముంది, కట్టలన్నీ దోనెలో వేసుకొనిపోయి, లంకలో బాతుల గూళ్ళ పక్కన వరుసగా పేర్చి వచ్చారు.

మంగళవారం ఒక్క బాతూ మడికి రాలేదు. బుధవారమూ రాలేదు. గురువారం పేరయ్య అరుగుమీద కూర్చొని, తన తండ్రికి ఇంత బుద్ధి ఉండేదా అని వినయంగా సందేహించాడు.

శుక్రవారం పొద్దున సీతారత్నం, నాటే ఆడవాళ్ళు, ఉద్యోగిని, ఊరూ వాడా వచ్చారు. మడి గుండుకొట్టించిన తలలా మెరుస్తోంది.

"నారేదయ్యా?"

"లంకలో భద్రంగా ఉందమ్మా" అన్నాడు పేరయ్య. "ఒరే నూకరాజూ, తొలికట్ట పట్రా!"

సీతారత్నం ముఖం తెల్లబోయింది. ఆ తెల్లదనాన్ని పేరయ్య మెచ్చుకోలుగా తీసుకున్నాడు.

దోనె తిరిగివచ్చింది. నూకరాజు రెండు చేతులమీద బాతులు, నెత్తిన బాతు, దోనెనిండా బాతులు. మేసి మేసి ఎగరలేక కునికిపాట్లు పడుతున్నాయి.

"నారేదిరా?"

"ఉందన్నయ్యా. మొత్తం వీటిలోపలే ఉంది. పోచ కూడా బయటికి పోలేదు."

ఊరు గొల్లుమని ఏడ్చింది. తండ్రి నడుం వంచి తొలికట్ట నాటే దృశ్యం పేరయ్య కళ్ళలో మెదిలింది. ఇక ఈ ఇంటికి ఆ పిలుపు ఎన్నటికీ రాదు. అయితే ఆ ఇంటి బుద్ధి సామాన్యమైనదా! ఆపదలో ఆదుకోనే ఆదుకుంది.

"ఏడవకండి!" అన్నాడు గంభీరంగా. "నారు పోలేదు. చోటు మారింది." అని ఒక బాతును భక్తితో అందుకొని, తూర్పుకు తిరిగి దండంపెట్టి, కాళ్ళు బురదలో దిగేలా నాటాడు. జానెడు ఎడంతో ఇంకొకటి.

"వాటిని పట్టుకోకూడదని చెప్పలేదూ!" అని ఉద్యోగిని కేకపెట్టింది.

"పట్టుకోవడం లేదమ్మా, నాటుతున్నాను."

సీతారత్నం నారు అడిగి తెమ్మని పొరుగూరికి మనిషిని పరుగెత్తించింది. ఆ ముగ్గురు మాత్రం వంచిన నడుం ఎత్తక మూడు వరుసలు పూర్తిచేశారు. కడుపు బరువుకు బాతులు పెట్టినచోటే నిలిచాయి. తొలికట్ట నాటిన పేరయ్య గట్టెక్కి, తృప్తిగా పైరును పరికించాడు.

అంతలో ఎటునుంచో నాలుగు కొంగలు వచ్చి మడి మీదుగా తిరగసాగాయి.

"ఒరే, పక్షులొచ్చాయిరా! మన పైరు తినేస్తాయి! బొమ్మవై నిలబడు!"

నూకరాజు చటుక్కున చేతులు చాపాడు. అంతే, పైరంతా బురదలోంచి కాళ్ళు పీక్కొని, బరువుగా ఎగిరి, అతని మీద వాలింది.