గొంగడి కింద ఏనుగు

ఆ రాజ్యంలో కంచుతో శిల్పాలు పోసే హక్కు ఆస్థాన శిల్పులదే. మిగతావాళ్లు ఇంటి సామాను చేసుకోవచ్చు. హద్దు మీరితే కొలిమి కూల్చి ఊరి నుంచి వెళ్లగొడతారు.

కుమ్మరి ఓబులమ్మకు కుండలు చేసీ చేసీ కంచు మీద మనసు పోయింది. మట్టితో అచ్చు చేసి, అందులో కరిగిన కంచు పోసి, పడుకున్న ఏనుగును తయారుచేసింది. వీపు మీద మనిషి హాయిగా కూర్చునేంత పల్లం పెట్టింది. ఏనుగంటే అక్కడ రాజముద్ర కూడాను! ఎవరో చాడీ చెప్పారు. శిల్పాధికారి విరూపాక్షయ్య కొలిమి కూల్చే మనుషుల్ని వెంటబెట్టుకుని మరీ పల్లకీలో వచ్చాడు.

పల్లకీ దూరాన కనబడగానే ఓబులమ్మ ఏనుగు మీద గొంగడి కప్పేసింది.

"ఎండన పడి వచ్చారు దొరా, ముందు కూర్చోండి" అంది.

విరూపాక్షయ్య ఆ గొంగడి మీదే కూలబడ్డాడు. "అబ్బ, ఇంత హాయైన పీట మా ఇంట్లో కూడా లేదే! అది సరే, ఆ ఏనుగు శిల్పం ఏదీ?"

ఓబులమ్మ గొంగడి అంచు ఎత్తింది. తొండం బయటపడింది. ఊరంతా చూస్తోంది.

"ఇది పీటైతే నేను చేసింది ఇంటి సామానే దొరా. కాదు, శిల్పమే అంటారా, రాజముద్ర మీద మొట్టమొదట కూర్చున్నది తమరే. నేనైతే ఇంకా కూర్చోలేదు."

ఆయన మెల్లగా లేచి, పంచె దులుపుకుని, అందరికీ వినబడేలా ప్రకటించాడు. "పీటే!"

వారం తిరక్కుండా ఆయన ఇంటి నుంచి మనిషొచ్చాడు, అలాంటి పీటే ఒకటి కావాలని.

"కాకపోతే," అన్నాడు గొంతు తగ్గించి, "చూసినవాళ్లు శిల్పమనుకోవాలట."