నూకాలు వాసన చూసిన గులాబీలు

అనగా అనగా, ఊళ్ళకి కోటగోడలూ రాజులకి తీరికా ఉన్న రోజుల్లో, సముద్రం పక్కన ఒక పట్నం ఉండేది. పట్నం నడుమ రాజుగారి గులాబీతోట. రాజుగారికి ఏం తోచిందో, ఒకనాడు తోట తలుపులు తీయించి "ఇక ఇది ఊరందరిదీ" అన్నాడు.

ఆ తోటకి నీళ్ళు పోసే మనిషి నూకాలు. చిన్నప్పుడు పెద్ద జ్వరం వచ్చి, పోతూ పోతూ ఆమెకి వాసన తెలియకుండా చేసి పోయింది. ముక్కు ఉంది, అంతే. మాడిన అన్నమూ మల్లెపువ్వూ దానికి ఒకటే. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే పూలతోటలో పని ఎవరిస్తారు? గులాబీ వాసనని ఆమె నీళ్ళతొట్టి పక్కన నిలబడి జనం ముఖాల్లో చూసుకునేది. పొద్దంతా బండి లాగినవాడు సాయంత్రం వచ్చి పువ్వు మీదికి వంగేవాడు. లేచేసరికి వాడి ముఖం మారిపోయి ఉండేది. "ఓహో, అలాగుంటాది కావాల" అనుకునేది. రోజూ నీళ్ళు పోసేది, ముఖాలు చూసేది, ఇంటికెళ్ళేది. ఆమెకి ఇంకో సుఖం లేదు, అక్కర్లేదు కూడా.

అయితే మనవాళ్ళకి పువ్వు కనబడితే చెయ్యి ఊరుకోదు. అందులోనూ దేవుడి పేరు చెబితే అడిగేదెవరు? తెల్లారేసరికి పూలసజ్జలు పట్టుకుని దిగేవారు. అందరికంటే ముందు అచ్చయ్యమ్మగారు. పట్నంలోకెల్లా పెద్ద పూజ ఆవిడదే. పొద్దెక్కేసరికి తోటలో ముళ్ళు మిగిలేవి. సాయంత్రం వచ్చినవాళ్ళు ఆ ముళ్ళు చూసి పోయేవారు.

రాజుగారికి ఒళ్ళు మండింది. "మూడు శుక్రవారాలు చూస్తాను. మూడోసారి కూడా కొమ్మలు బోడిగా ఉంటే తలుపులు మూసేస్తాను" అని చాటింపు వేయించాడు.

నూకాలు ఆ చాటింపు విని లెక్క వేసుకుంది. తలుపులు మూసినా నీళ్ళ పని ఉంటుంది, పువ్వులూ ఉంటాయి. ముఖాలు ఉండవు.

మొదటి శుక్రవారం గుమ్మంలో నిలబడి దణ్ణం పెట్టింది. "కొయ్యకండమ్మా."

"దేవుడికేనే" అంటూ కోసుకుపోయారు.

రెండో శుక్రవారం దారికి అడ్డంగా ముళ్ళకంప వేసింది.

"దేవుడికేనే" అంటూ కంప దాటి మరీ కోసుకుపోయారు.

మూడో శుక్రవారం వేకువనే వచ్చింది. తను కోయడం లేదని తెలిసేలా చేతులు వెనక్కి కట్టుకుంది. ఒక్కో పువ్వు దగ్గరా వంగింది, ముక్కు ఆనించింది, గట్టిగా పీల్చింది. సజ్జలవాళ్ళు వచ్చేసరికి చివరి వరసలో ఉంది.

"ఏమిటే ఆ పని?" అంది అచ్చయ్యమ్మగారు.

"వోసన సూత్తన్నానమ్మా."

"ఎన్నింటిని?"

"అన్నింటినీ సూసీసినాను."

వాసన చూసిన పువ్వు దేవుడికి పనికిరాదు. ఆ మాట పట్నంలో పసిపిల్లలకి కూడా తెలుసు. అచ్చయ్యమ్మగారు తిట్టింది, శాపనార్థాలు పెట్టింది, ఖాళీ సజ్జతో ఇంటికెళ్ళింది. మిగతావాళ్ళూ ఆవిడ వెనకే వెళ్ళారు. తలుపులు మూతపడలేదు.

అది మొదలు పన్నెండేళ్ళు, ప్రతి వేకువా అదే పని. "దేవుడికంటే ముందు అనుభవించే మనిషి" అని పట్నమంతా ఎత్తిపొడిచింది. నూకాలు నవ్వి ఊరుకుంది. నీళ్ళు పోసింది, ముఖాలు చూసింది, ఇంటికెళ్ళింది.

పదమూడో ఏట మంచం పట్టింది. అచ్చయ్యమ్మగారు చూడ్డానికి వచ్చింది. పన్నెండేళ్ళు తిట్టాక అదీ ఒక చుట్టరికమే. రాలిన గులాబీ ఒకటి తెచ్చి నూకాలు ముక్కు దగ్గర పెట్టింది.

"చూడవే, నీకిష్టం కదా."

"నాకు వోసన తెల్దమ్మా. సిన్నప్పట్నుంచీ తెల్దు."

ఆవిడ పువ్వు వెనక్కి తీసుకుంది. "మరి ఇన్నేళ్ళూ?"

"ముక్కెట్టినాను గానీ నాకేటీ తెల్లేదు. ఆ పువ్వులన్నీ మంచియే. అబద్దవాడినానని దేవుడికి మీరే సెప్పండి." కాస్త ఊపిరి తీసుకుని, "ఓపాలి మీరు సూడండమ్మా. నాను మీ మొకం సూత్తాను" అంది.

అచ్చయ్యమ్మగారు పువ్వుని ముఖం దాకా తెచ్చి ఆపేసింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఏ పువ్వునీ వాసన చూడలేదు. దొరికిందల్లా దేవుడికే. మనసొప్పక "రేపు చూస్తాలే" అని లేచింది.

తెల్లారేసరికి నూకాలు పోయింది.

మూడోనాడు సజ్జలన్నీ మళ్ళీ తోటకి వచ్చాయి. అచ్చయ్యమ్మగారు అప్పటికే అక్కడుంది. జరిగినదంతా దాచకుండా చెప్పింది.

"అయితే ఇక కోసుకోవచ్చన్నమాట" అన్నాడొకడు.

ఆవిడ చేతులు వెనక్కి కట్టుకుని మొదటి పువ్వు మీదికి వంగింది. లేచేసరికి ముఖమంతా కన్నీళ్ళు. తుడుచుకోలేదు. నూకాలు నిలబడే నీళ్ళతొట్టి వైపు ముఖం తిప్పి, "ఇదిగో, చూడవే" అంది. తరవాత రెండో పువ్వు దగ్గరికి నడిచింది. ఆ రోజు సజ్జలన్నీ ఖాళీగానే ఇళ్ళకి పోయాయి.

రాజులు పోయారు, కోటగోడలు పోయాయి. తోట ఉంది. ఇప్పటికీ అక్కడికి వెళ్ళినవాళ్ళు చేతులు వెనక్కి కట్టుకునే పువ్వుల మీదికి వంగుతారు. లేచి, ఎదురుగా ఎవరూ లేకపోయినా ఓ క్షణం ముఖం చూపిస్తారు. పిల్లలైతే పళ్ళన్నీ ఇకిలించి మరీ చూపిస్తారు. రేపు చూస్తాలే అని మాత్రం ఆ తోటలో ఎవరూ అనరు.