మూడోనాడు అదే చెట్టు

“గురువయ్యా, ఇద్దరం కూసున్నది ఒక్కటే ఆటోల, పడ్డది ఒక్కటే గుంతల. నేను వారం తిరక్కముందే పనికి పోయిన. మా బామ్మర్ది రెండు నెలలైనా గడప దాటడు, హారన్ మోగితే వణుకుతడు. అంత పిరికితనం ఏంది? రేపు రెక్క పట్టి గుంజుకపోయి ఆటోల కూసోబెడత,” అన్నాడు సమ్మయ్య.

ఐలయ్య గురువుకు వేదాంతం కంటే ముందు తాటిచెట్లు తెలుసు. ఇరవై ఏళ్లు గీతపని చేసి, నలుగురికి నేర్పి, ఆ తర్వాతే మాకు బోధ చెప్పడానికి కూర్చున్నారు. సమ్మయ్య గొప్పలకు నాకైతే ఒళ్లు మండింది. ఆయన మాత్రం తల దించుకున్నారు.

“నా దగ్గర ఓదెలు, మొగిలి అని ఇద్దరు పని నేర్చిన్రు,” అని మొదలుపెట్టారు. ఒకే వానాకాలంలో ఇద్దరూ చెట్టు మీంచి పడ్డారట. దెబ్బలు పెద్దవేం కావు. పడ్డవాడు మూడోనాడు అదే చెట్టెక్కాలి, లేకుంటే భయం లోపల కూర్చుంటుందని ఈయన పట్టు. ఓదెలు ఎక్కి, కల్లు లొట్టి దించుకొని వచ్చాడు. మొగిలి సగం దాకా ఎక్కి మానును కరుచుకున్నాడు. పైకీ పోడు, కిందికీ రాడు. “దిగు, నీకు గాజులు తొడిగిస్త!” అని ఈయన కింది నుంచి అరిస్తే, చేరినవాళ్లంతా పకపకా నవ్వారు. చివరికి ఓదెలే ఎక్కి వాణ్ణి మెల్లగా దించాడు. ఆ వారమే మొగిలి ఊరు విడిచాడు.

సంగతేమిటో అడుగుదామని గురువు మొగిలి వాళ్లింటికి పోయారు.

“వాని ఐదో ఏట వాళ్ల నాయిన మోటరు కాడ కరెంటు కొట్టి సచ్చిండు. పక్కన వాడొక్కడే ఉండె. ఆనాటి సంది మా ఇంట్ల ఆ మాట ఎవ్వరం ఎత్తలే. నాకే పానం బాగలేకుండె, ఇగ వాణ్ణెవలు దగ్గరికి తీస్కుంటరయ్యా?” అంది తల్లి.

ఓదెలు పడ్డనాడైతే వాళ్ల నాయనమ్మ చెట్టును నోటికొచ్చినట్టు తిట్టి, వాడి కాళ్లకు నూనె రాస్తూ, ఎట్లా పడ్డాడో పదిసార్లు చెప్పించుకుందట.

“గాజుల మాట అనకపోతే ఎంత బాగుండు,” అన్నారు గురువు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“మా బామ్మర్దికి చిన్నప్పుడు ఏమైందో నాకెట్ల తెలుస్తది?” అని గొణిగాడు సమ్మయ్య.

“నేను అడుగుదామని పోయేసరికి మొగిలి ఊర్ల లేడు. నీ బామ్మర్ది ఇంకా ఇంట్లనే ఉన్నడు గదా,” అన్నారు ఆయన.